బయటివైపు గడియ

పాప ఆమెను పిన్నీ అని పిలుస్తుంది. పాపకు తల్లి పోయాక వాళ్ళ నాన్న చేసుకున్న రెండో భార్య. ఆ ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళెవరూ లేరు కాబట్టి మనమూ పిన్ని అనే అనుకుందాం.

ఆ సాయంత్రం పాప అమ్మమ్మ వచ్చేసరికి పిన్ని పాలు కాస్తోంది. అమ్మమ్మ రెండు వీధుల అవతల బట్టలు కుడుతుంది. కొలతల టేపు మెడలో అలాగే వేసుకుని వచ్చేస్తుంది. వచ్చిన ప్రతిసారీ పాపను గోడకి నిలబెట్టి భుజాలూ నడుమూ కొలిచి, "చిక్కిపోయింది" అంటూ వంటింటివైపు ఓ చూపు విసురుతుంది. కొలత పెరిగినా మాట మాత్రం అదే. ఆ రోజు టేపు తీయబోతూ పాప అరచేతికున్న కట్టు చూసింది.

"ఏమైందే ఇది?"

"అద్దం గుచ్చుకుంది. కుట్లు వేశారు."

"అద్దం ఎందుకు గుచ్చుకుంది?"

"కిటికీ మీద కొట్టాను. గదికి బయట గడియ పెట్టేశారు అమ్మమ్మా. ఎంత పిలిచినా ఎవరూ రాలేదు."

ఎవరు పెట్టారని అమ్మమ్మ అడగలేదు. అడగాల్సిన పనే కనబడలేదు ఆవిడకి. పాలగిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పిన్నివైపు తిరిగింది.

"పసిదాన్ని గదిలో పెట్టి గడియ పెట్టడానికి నీకు చేతులెలా వచ్చాయమ్మాయ్?"

పిన్ని తల తిప్పి భర్తవైపు చూసింది. ఆయన కుర్చీలోనే ఉన్నాడు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేములో బిగించే పని ఆయనది. తన కళ్ళజోడు తీశాడు, అద్దం మీద ఊదాడు, చొక్కా కొసతో తుడిచాడు, వెలుతురుకి పెట్టి చూశాడు. మరక పోలేదనుకున్నాడేమో, మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

గడియ పెట్టింది ఆయనే. ముందురోజు ఆయన సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు, మధ్యాహ్నం పాప బడి నుంచి వచ్చి అన్నం తిని పడుకుంది. దుకాణం నుంచి ఫోనొచ్చింది, ఎవరిదో కళ్ళజోడు అర్జెంటుగా కావాలని. పిల్ల లేచి పొయ్యి దగ్గరికో వీధిలోకో పోతుందని భయపడి, ఇట్టే వచ్చేస్తాను కదా అని గడియ పెట్టి వెళ్ళాడు. ఇట్టే రాలేదు. ఆఫీసు నుంచి వస్తున్న పిన్నికి వీధి మొదట్లోనే ఏడుపు వినబడింది. గడియ లాగి, నెత్తురు కారుతున్న చేతికి తువ్వాలు చుట్టి, పిల్లని ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. ఆయన వచ్చేసరికి కుట్లు కూడా అయిపోయాయి.

"ఆదివారం వస్తాను," అంది అమ్మమ్మ. "దీని బట్టలు సర్ది ఉంచండి. నా మనవరాలిని నేను పెంచుకుంటాను."

ఆవిడ చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. పిన్ని చేతిలో గిన్నె కాలుతోందని అప్పుడు తెలిసింది ఆమెకి. గిన్నె దించి, పాప పెరట్లోకి వెళ్ళేదాకా ఆగి, అప్పుడు అడిగింది.

"మీరు చెప్పరేం?"

"ఏమని చెప్పను?"

"గడియ పెట్టింది మీరని."

ఆయన నీళ్ళు నమిలాడు. "చూడు, ఇప్పుడైతే ఆవిడ నిన్ననుకుంటోంది. ఇకమీదట పాపని నీ దగ్గర ఒంటరిగా వదలనని ఒక్క మాట ఇస్తే చల్లబడుతుంది. అదే కన్నతండ్రే ఇలా చేశాడని తెలిస్తే ఇంకేముంది? ఉన్నపళంగా తీసుకుపోతుంది. ఏ మొహం పెట్టుకుని వద్దంటాను? పిల్ల దక్కాలా వద్దా నువ్వే చెప్పు."

పిల్ల దక్కాలి. అందులో పిన్నికి రెండో మాట లేదు. ఆమె ఈ ఇంటికి వచ్చినప్పుడు పాపకు ముందు పళ్ళు ఊడుతున్నాయి. ఊడిన ప్రతి పన్నూ తెచ్చి ఈమె చేతిలోనే పెట్టేది. ఇప్పుడు జడ వేయించుకోవాలన్నా, లెక్క తప్పినా, కలొచ్చినా పిన్నీ అనే వస్తుంది. ఆ పిలుపు లేని ఇంట్లో తానేం చేస్తుందో ఆమె ఊహకి అందలేదు. కానీ దాని కోసం చేయని పనిని నెత్తిన వేసుకోమంటే ఆమెకి ఒళ్ళు మండింది.

"నా దగ్గర వదలనని మాటిస్తారా?"

"ఊరికే, ఆవిడ కోసం," అన్నాడు ఆయన. కళ్ళజోడు పెట్టుకున్నాడు.

*

పిన్ని పనిచేసే చోటుని అందరూ కథల ఆఫీసు అంటారు. ఓ పాత మేడ పైభాగం. ఊళ్ళు తిరిగి ముసలివాళ్ళ చేత చెప్పించి రికార్డు చేసిన కథలు అక్కడ అలమారాల నిండా టేపుల్లో ఉన్నాయి. పిన్నికీ, పక్క సీటాయనకీ రోజంతా వాటిని వినడమే పని. పక్క సీటాయనకి టేపుల దుమ్ము పడదు, డబ్బా తీయగానే తుమ్ముతాడు. అందుకని తుమ్ములాయన అని పేరు పడిపోయింది.

వినడమంటే కాలు మీద కాలేసుకుని వినడం కాదు. ఇద్దరూ ఒకే కథని విడివిడిగా వింటారు. కథలో ఎవరు ఏ పని చేసినా దానికొక కాగితం ముక్క. ఇల్లు విడిచి వెళ్ళడం ఒక చీటీ. వద్దన్న పని చేయడం ఒక చీటీ. మోసం, సాయం, పరీక్ష, తిరిగి రావడం, అన్నిటికీ తలా ఒకటి. కింద చిన్న అక్షరాల్లో ఆ పని చేసినవాళ్ళెవరో రాస్తారు. తర్వాత పొడుగు బల్ల మీద ఆయన చీటీలు ఒక వరుస, ఈమె చీటీలు ఒక వరుస, ఎదురెదురుగా పేరుస్తారు. తేడా వచ్చిన చోట మళ్ళీ వింటారు. అలా పని వెనక పని పేర్చుకుంటూ పోతే, ఎక్కడో పుట్టిన కథా ఇంకెక్కడో పుట్టిన కథా ఒకే నడక నడుస్తాయని తేలుతుంది. ఆ తేలినదాన్ని పుస్తకంగా వేస్తానంటాడు వాళ్ళ పెద్దసారు.

పెద్దసారుకి ఒకటే పట్టు. "వేషం చూడకండి, పని చూడండి. అడ్డం పడ్డది పులి కానీ, పెద్దమనిషి కానీ, అడ్డం పడటం అడ్డం పడటమే." రోజుకి ఒకసారైనా ఈ మాట అనకపోతే ఆయనకి టీ దిగదు.

ఈ పని పిన్ని ఇంటికి కూడా మోసుకుపోయింది. పాపకి కథ చెప్పమంటే పేర్లు తీసేసి పనులు మాత్రమే చెప్తుంది. 'ఒకరు అడవికి వెళ్ళారు. ఒకరు దారి తప్పించారు. ఒకరు రొట్టె ఇచ్చారు.' ఎవరెవరో పాప చెప్పుకోవాలి. పేర్లు లేని కథ అని పాపే దానికి పేరు పెట్టింది.

మర్నాడు శుక్రవారం విన్న టేపులో దగ్గుతూ చెప్పే ఓ ముసలాయన గొంతు. సున్నం కాల్చే ఒకతని కథ. అతనికి మొదటి భార్య కూతురు, ఇంట్లో రెండో భార్య. పిల్లకి పెట్టే తిండి దండగని రెండో భార్య సణుగుతుంది. ఆ తర్వాత కొండ మీది పాత సున్నపు బట్టీగదిలో పిల్ల ఒంటరిగా చిక్కుకుపోతుంది. మిగతా కథంతా అక్కణ్ణుంచి ఆ పిల్ల ఎలా బయటపడిందన్నదే.

చీటీలు పేర్చారు. మూడో జత దగ్గర తేడా వచ్చింది. 'పిల్లని గదిలో పెట్టి తలుపు బిగించడం' అని ఇద్దరూ రాశారు. కింద తుమ్ములాయన 'సవతి తల్లి' అని రాశాడు. పిన్ని 'తండ్రి' అని రాసింది.

"అదేంటి మేడమ్? ఆవిడే కదా," అన్నాడు తుమ్ములాయన.

"విందాం."

టేపు వెనక్కి తిప్పారు. ముసలాయన దగ్గి, గొంతు సవరించుకుని అందుకున్నాడు. అప్పుడా నాన్న పిల్ల చెయ్యి పట్టుకుని కొండెక్కాడు, బట్టీగదిలో కూచోబెట్టాడు, ఇదుగో వస్తానమ్మా అన్నాడు, బయట తలుపు బిగించాడు, దిగొచ్చేశాడు.

తుమ్ములాయన చెవులకి పెట్టుకున్న హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. తన చీటీ చేతిలోకి తీసుకుని చూసుకున్నాడు.

"ఇంత చక్కగా చెప్తుంటే నేనెలా రాశానండీ? చెవి విన్నది. చెయ్యి మాత్రం దానంతటదే ఆవిడ మీదికి పోయింది."

"మనందరికీ అంతే," అంది పిన్ని. గొంతు కొంచెం గట్టిగానే వచ్చింది.

"అయినా ఆవిడ సణగబట్టే కదా ఆయన చేశాడు. ఆయనేదో పాపం..."

"పాపం ఏమిటి? కొండెక్కినవి ఎవరి కాళ్ళు?"

తుమ్ములాయన బిత్తరపోయాడు. పిన్ని ఆఫీసులో గొంతెత్తగా ఆయన ఎప్పుడూ వినలేదు. పక్కగదిలోంచి పెద్దసారు తొంగిచూశాడు, సంగతి విన్నాడు, చీటీ తీసుకుని 'సవతి తల్లి' అన్న మాట మీద అడ్డగీత కొట్టి 'తండ్రి' అని రాశాడు.

"సణగడం ఆవిడ చీటీ. తలుపు ఆయన చీటీ. ఒకరిది తెచ్చి ఇంకొకరి కింద పెట్టకూడదు," అని వెళ్ళిపోయాడు.

ఎంత సులువుగా కొట్టేశాడో అనుకుంది పిన్ని. ఆ బట్టీగది కథలో సవతి తల్లి సణగనైనా సణిగింది. తాను అది కూడా చేయలేదు. తలుపు తీసింది, అంతే. ఆ చీటీ ఎవరి దగ్గరా లేదు. మధ్యాహ్నమంతా టేపులు తిరుగుతున్నాయి గానీ ఆమె చెవికేమీ ఎక్కలేదు. ఏడుపొచ్చేలా ఉంటే టేపు యంత్రం మూత విప్పి, స్క్రూడ్రైవర్‌తో లోపల దుమ్ము గీకుతూ కూర్చుంది.

*

శనివారం బడికీ, కథల ఆఫీసుకీ సెలవు. కట్టు మార్చాలి. పిన్ని వేడినీళ్ళూ దూదీ పెట్టుకుని పాపని కిటికీ దగ్గర కూర్చోబెట్టుకుంది. పగిలిన అద్దం స్థానంలో అట్టముక్క అంటించి ఉంది. మందు తగలగానే పాప మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది.

"మంట తెలీకుండా ఓ కథ చెప్పనా?" అంది పిన్ని.

"నేనే చెప్తా. పేర్లు లేని కథ. ఒకరు నిద్రపోయారు. ఒకరు బయటికెళ్ళారు. వెళ్తూ వెళ్తూ గడియ పెట్టారు."

పిన్ని చేతిలో దూది ఆగింది.

"ఒకరు ఏడ్చారు. ఒకరు పరుగెత్తుకుంటూ వచ్చి గడియ తీశారు. చెప్పుకో."

"నాకు తెలుసులే."

"అమ్మమ్మకి తెలీదు," అంది పాప.

"మరి నువ్వు చెప్పలేదేం?"

పాప కట్టులేని చేత్తో అట్టముక్క అంచు గిల్లింది. "నాన్న నావైపు చూశాడు. కళ్ళజోడు తుడుచుకుంటూ."

పిన్ని కొత్త కట్టు చుట్టడం మొదలుపెట్టింది.

"నాన్న అని చెప్తే అమ్మమ్మ నాన్నని తిడుతుంది పిన్నీ. నిన్నైతే ఎలాగూ తిడుతూనే ఉంటుంది కదా."

పిల్ల మనసులో కల్మషం లేదు. వర్షం పడుతోంది అన్నంత మామూలుగా అంది. ఆ మామూలుతనానికే పిన్ని గుండెలో కలుక్కుమంది. తండ్రి రెండు రోజులు తిప్పి తిప్పి చెప్పినదాన్ని పిల్ల ఒక్క ముక్కలో చెప్పేసింది. నాన్న అమ్మమ్మ దగ్గర మాట పడకూడదు, పిన్ని పడొచ్చు. ఆ ఇంట్లో కుర్చీలూ బల్లలూ ఎక్కడుండాలో అందరికీ తెలిసినట్టే అదీ తెలిసిపోయింది.

"అమ్మమ్మ రేపు నిన్ను తీసుకెళ్తానంటోంది. వెళ్తావా?"

"వారం రోజులకా?"

"కాదు. అక్కడే ఉండిపోవడానికి."

పాప చటుక్కున తలెత్తింది. "నేనెందుకు వెళ్ళాలి? గడియ పెట్టింది నేను కాదుగా."

పిన్ని కట్టు ముడి వేసి, ఆ చేతిని కాసేపు తన చేతిలోనే ఉంచుకుంది. అమ్మమ్మకి నువ్వు చెప్పు అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. తండ్రి చూపుతో నోరు మూయించాడు, తాను మాటతో తెరిపిస్తే ఇద్దరూ పిల్లని వాడుకున్నట్టే అవుతుందనుకుంది. రేపు ఆవిడ అడిగితే తాను మాత్రం అవునని తల ఊపకూడదు. అంతవరకే నిశ్చయించుకుంది. అంతమాత్రానికే ఆమెకి భయం వేసింది, ఆ ఒక్క మాటకి పిల్లే చేజారిపోతే ఏం చేయాలని.

*

అమ్మమ్మ ఆదివారం పొద్దున్నే ఓ ఖాళీ సంచీతో వచ్చింది. టీ ఇస్తే వద్దంది. మెడలో టేపు ఉంది గానీ పాపని కొలవలేదు. నేరుగా గదిలోకి వెళ్ళి, తలుపు బయటివైపు గడియని వేలితో ఒకసారి పైకీ కిందకీ ఆడించి చూసింది. వెనకటి అద్దెవాళ్ళు ఆ గదిలో సామాను పెట్టుకునేవారు, అప్పుడు బిగించిన గడియ అది. తర్వాత అలమారా తెరిచి గౌన్లు మడతపెట్టి సంచీలో వేయసాగింది.

"అత్తయ్యా, కాస్త నా మాట వినండి," అన్నాడు పాప నాన్న వెనకే నిలబడి. "ఇకమీదట పాపని ఈమె దగ్గర ఒంటరిగా వదలను. మాటిస్తున్నాను."

"నువ్వు పొద్దున్నే పోయి సాయంత్రం వస్తావు బాబూ. నీ మాట ఈవిడ వింటుందా?" అమ్మమ్మ పిన్నివైపు తిరిగింది. "చెప్పమ్మాయ్. నీ నోటితో చెప్పు. ఏం చేసిందని గడియ పెట్టావు?"

ఆయన పిన్నివైపు చూశాడు. ఆ చూపు ఏమడుగుతోందో ఆమెకి బాగా తెలుసు. ఒక్క 'తప్పయింది' చాలు.

"నేను పెట్టలేదమ్మా," అంది పిన్ని. "నేను వచ్చేసరికి పెట్టి ఉంది. నేను తీశాను."

"మరి దానంతటదే పడిందా?"

"పెట్టినవాళ్ళు చెప్తే వినండి. నేను చెప్పను."

పాప నాన్న చెయ్యి కళ్ళజోడు మీదికి వెళ్ళింది. అమ్మమ్మ ఓ గౌను సగం మడతలో పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత తల అడ్డంగా ఊపి దాన్ని సంచీలో కుక్కింది. మంచం మీద కూర్చున్న పాప ఆ సంచీనే చూస్తోంది. దిగి వచ్చి, అమ్మమ్మ కుక్కిన గౌనుని బయటికి లాగింది.

"నాన్న పెట్టాడు అమ్మమ్మా. షాపుకెళ్తూ. పిన్ని తీసింది."

ఇప్పుడు పిడుగు పడుతుంది, పిల్ల పోతుంది అనుకుంది పిన్ని. ఆయన మొహం పాలిపోయింది. అమ్మమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"నువ్వా బాబూ?"

"అదీ... ఇట్టే వచ్చేద్దామని..."

అమ్మమ్మ మంచం మీద కూలబడింది. కొంగుతో మొహం తుడుచుకుంది. ఆవిడ గుండెల మీంచి బరువు దిగిపోవడం అందరికీ కనబడింది.

"నువ్వేనా," అంది. "హమ్మయ్య. నేనింకా ఏమేమో ఊహించుకుని రాత్రుళ్ళు నిద్రపోలేదు. పనిమీద ధ్యాసలో పెట్టి పోయుంటావు. మగాళ్ళకి ఇవన్నీ ఎక్కడ తడతాయి? పిల్ల పొయ్యి దగ్గరికి పోతుందని భయపడ్డావు, అంతే కదా?"

"అంతే అత్తయ్యా."

"కన్నతండ్రివి, కావాలని చేస్తావా ఏంటి." ఆవిడ సంచీలోంచి గౌన్లు ఒక్కొక్కటే తీసి మళ్ళీ అలమారాలో పెట్టింది. పెడుతూ పెడుతూ పిన్నివైపు తిరిగింది. "అయినా ఆ టైములో నువ్వింట్లో ఎందుకు లేవమ్మాయ్? నువ్వుంటే ఆ బాబుకి ఈ తిప్పలు వచ్చేవా?"

పిన్ని పాప చేతిలోని గౌను తీసుకుని మడతపెట్టసాగింది. ఇన్ని రోజులూ ఆయన భయపడిందంతా ఉత్తదే. ఆయన మొదటిరోజే ఒక్క మాట అనుంటే ఈ పాటికి అమ్మమ్మ టీ తాగి వెళ్ళిపోయుండేది. గడియ అదే, గదీ అదే, తెగిన చెయ్యీ అదే. ఆమె పెట్టిందంటే నేరం, ఆయన పెట్టాడంటే పరధ్యానం. పిల్ల దక్కింది. అందుకు ఆమెకి సంతోషంగానే ఉంది. ఆ సంతోషం మింగుడుపడటం లేదు.

"చూశావా, అంతా సర్దుకుంది," అన్నాడు ఆయన, అమ్మమ్మ వెళ్ళాక. మొహం వెలిగిపోతోంది. "అనవసరంగా కంగారుపడ్డాం."

"సర్దుకుంది మీకు," అంది పిన్ని. "మూడు రోజులు ఆవిడ నన్నేమనుకుంటుందో తెలిసీ ఊరుకున్నారు. ఆవిడకి తెలీదు. మీకు తెలుసు."

ఆయన మళ్ళీ కళ్ళజోడు తీశాడు. ఈసారి తుడవలేదు. చేతిలో పట్టుకుని, అది లేకుండా సరిగా కనబడని కళ్ళతో ఆమెవైపు చూస్తూ నిలబడ్డాడు. "అవును," అన్నాడు.

*

సోమవారం సాయంత్రం పిన్ని ఆఫీసు నుంచి టేపు యంత్రం స్క్రూడ్రైవర్ అడిగి తెచ్చింది. బట్టలైనా మార్చుకోకుండా గది గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని గడియ విప్పడం మొదలుపెట్టింది. తుప్పుపట్టిన స్క్రూలు కదలనన్నాయి. కొబ్బరినూనె చుక్కలు వేసి, రెండు చేతులూ బిగించి తిప్పింది. పాప పక్కన చతికిలపడి, కట్టులేని చెయ్యి చాపింది. ఊడిన స్క్రూ ఆ చేతిలో పడగానే గుప్పిట మూసింది, ఒకప్పుడు ఊడిన పళ్ళని పట్టుకున్నట్టు.

ఆయన దుకాణం నుంచి వచ్చి చూశాడు. "ఎందుకిప్పుడు ఇదంతా? నేను మళ్ళీ పెడతానా?"

"ఇది ఇక్కడ ఉన్నన్నాళ్ళూ ఎప్పుడు ఎవరు పెట్టినా నా మీదికే వస్తుంది," అంది పిన్ని, తలెత్తకుండా.

ఆయన కాసేపు అక్కడే తచ్చాడాడు. ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. అత్తగారికి రోజూ ఆ వేళకి ఫోను చేయడం అలవాటు. ఏం చెప్పాడో గానీ, కాసేపటికి తిరిగొచ్చి ఫోను పాప చేతికిచ్చాడు. అమ్మమ్మ గొంతు పక్కనున్న పిన్నికి కూడా ఖంగుమని వినబడుతోంది.

"ఏమే, ఆవిడ తలుపు చెక్కలు లేపేస్తోందట? అద్దె ఇల్లు కదా అది. రేపు ఇంటాయన అడిగితే మీ నాన్న ఏం చెప్పుకుంటాడు? ఎవరు చెయ్యమన్నారు ఆవిడని?"

పిన్ని చెయ్యి ఆగింది. ఆయన గోడవైపు తిరిగాడు. పాప ఫోనుని భుజానికీ చెవికీ మధ్య నొక్కి పెట్టుకుని, గుప్పిట విప్పి లోపలున్న స్క్రూలు చూసుకుంది.

"పిన్ని ఒక్కతే కాదు అమ్మమ్మా," అంది. "ఇద్దరం తీస్తున్నాం."

అమ్మమ్మ అవతల ఏదో అంటూనే ఉంది. పాప ఫోనుని నెమ్మదిగా నేల మీద పెట్టి, చెయ్యి మళ్ళీ చాపింది. ఇంకా ఒక స్క్రూ మిగిలి ఉంది.